చెంబునడక

సంతబొమ్మాళికి తూర్పున, మొగలిపొదలు దాటితే సముద్రం హోరు వినబడే పల్లెలో అసిరయ్య కాపురం. ఆ పల్లెలో అందరూ వలని నమ్ముకున్నవాళ్ళే. అసిరయ్యకి మాత్రం వలతోపాటు ఊరికి పడమటగా ఓ మడిచెక్క కూడా ఉండేది. ఉప్పునీళ్ళ మనిషికి మడిచెక్క ఎక్కణ్ణించి వచ్చిందంటే, అది బోయీమాన్యం, పల్లకీ మోసేవాళ్ళకిచ్చే భూమి. ఎప్పుడో అసిరయ్య ముత్తాత, పొంగి పొర్లుతున్న గెడ్డలోంచి అప్పటి దొరగారిని పల్లకీతో సహా తడవకుండా ఒడ్డున పెట్టాడట. దొరగారు మెచ్చి ఆ చెక్క రాసిచ్చి, ఒక్క షరతు పెట్టారు. ఆ ఇంట్లోంచి ఎప్పుడూ ఒక భుజం కోట పల్లకీ కింద ఉండాలి. భుజం లేని రోజున మడి కూడా లేదు. మెచ్చుకోలు ఆ పూటతో అయిపోయింది. షరతు మాత్రం తాతలు దాటి, తండ్రులు దాటి అసిరయ్య మెడ మీద కూచుంది. దొరల మెప్పు ఎప్పుడూ అంతే. ఒక చేత్తో పెడుతుంది, రెండో చేత్తో మెడ పట్టుకుంటుంది.

కోట అంటే పెద్ద కోటేమీ కాదు. నాలుగు బురుజుల్లో రెండు కూలిపోయినవి, ఒక ఏనుగుశాల, అందులో ఏనుగు లేదు. టెక్కలి చుట్టుపక్కల అలాంటి చిన్న జమీలు అప్పట్లో ఇంకా బతికే ఉన్నాయి. జమీ ఎంత చిన్నదైనా దొర దొరే గనక కాలు నేల మీద పెట్టకూడదు. నౌపడా స్టేషనుకి రైలెక్కడానికి వెళ్ళినా, సోంపేటలో చుట్టాలింటికి వెళ్ళినా, రావివలసలో మల్లికార్జునుడికి మొక్కుకోవడానికి వెళ్ళినా పల్లకీ కదలాల్సిందే. కోట బంట్రోతు వచ్చి వాకిట్లో కర్ర తాటించేవాడు. అంతే. నోట్లో ముద్ద ఉంటే మింగాలి, వలలో చేప ఉంటే వదలాలి. తలగుడ్డ భుజానేసుకుని పరుగెత్తాలి.

రావివలస ఎండల మల్లన్నకి గుడి కప్పు లేదు. ఎండలోనే ఉంటాడు. దొరగారు పూజ చేయించుకునేంతసేపూ బోయీలు కూడా ఎండలోనే నిలబడేవారు. "ఈ సామి మన కులపోడేరా, ఎవులూ నీడకి రమ్మనరు" అని అసిరయ్య తోటి బోయీ బంగారయ్య చెవిలో అనేవాడు. బంగారయ్య నవ్వుకుని, మళ్ళీ దేవుడికేం కోపం వస్తుందోనని చెంపలేసుకునేవాడు.

పల్లకీ మోసే కర్రని బొంగు అంటారు. అసిరయ్యది ముందు బొంగు. వెనకవాడికి పల్లకీ తప్ప ఏమీ కనబడదు. అందుకని ముందున్నవాడు నడుస్తూనే దారి పాడాలి. ఓహోం, రాయి వచ్చింది. ఓహోం, గొయ్యి ఎడమకి. ఓహోం, బురద బురద. వెనకవాళ్ళు ఆ మాటల మీదే కాళ్ళు వేస్తారు. అసిరయ్య గొంతు వింటే కళ్ళు మూసుకుని నడవొచ్చని బోయీలు చెప్పుకునేవారు. లోపల దొరగారు నిద్రపోయేవారు. దొరగారు నిద్రపోతే బోయీలు బాగా మోసినట్టు. గురక వినబడితే ఇంకా బాగా మోసినట్టు. ఇంతకుమించి ఆ పనికి వేరే బహుమానం లేదు.

అలా మోసి మోసి అసిరయ్య అలిసిపోయాడు. అలసట అంటే పడుకుంటే తీరేది కాదు. కుడిభుజం మీద కాయ కాసి, అది పగిలి, మళ్ళీ కాసి రాయిలా అయింది. దాని కింద ఎముకలో పోటు. చెయ్యి తలదాకా లేచేది కాదు. పెళ్ళాం కాసులమ్మే అతని జుట్టు దువ్వి ముడి వేసేది. అంబలి ముంత ఎత్తుకోలేక వంగి తాగేవాడు. కాసులమ్మ చూసి మొహం అటు తిప్పుకునేది.

ఓ వానాకాలంలో నౌపడా ఉప్పుమళ్ళ గట్టు మీద అసిరయ్య కాలు జారింది. పల్లకీ ఓ జానెడు ఒరిగింది. దొరగారికి మెలకువ వచ్చింది. అంతే జరిగింది. కాని అసిరయ్యకి అప్పట్నించీ భయం పట్టుకుంది. ఈసారి జానెడు కాదు, మొత్తం పోతుంది. దొర కింద పడితే భుజమూ పోతుంది, మడీ పోతుంది, వీపూ పోతుంది. దించుకోవాలి. ఎలాగైనా ఈ బొంగు దించుకోవాలి. మిగిలిన నాలుగేళ్ళూ వల అల్లుకుంటూ, ఇసకలో కూచుని, ఎవరూ కర్ర తాటించని ఓ నిద్ర పోవాలి. అతని కోరికంతా అదే.

ఓసారి నౌపడా నుంచి వస్తూ దొరగారు నిద్రపోకుండా, పక్కన తట్టుగుర్రం మీద వస్తున్న దివాన్జీతో కబుర్లు మొదలుపెట్టారు. పట్నంలో ఎవరో చెప్పారట. జపాను దేశమని ఒకటి, చిన్నదేనట, రష్యావాణ్ణి ఓడించిందట.

"అక్కడా మనలాగే దొరలుండేవారటండీ. కత్తులు, కోటలు, పల్లకీలు, అన్నీనూ. అవన్నీ తీసి గట్టున పెట్టేశారట. పల్లకీలు మానేశారట. అందుకే అంత పైకొచ్చారు. మనవాళ్ళకి ఎప్పుడొస్తుందో ఆ బుద్ధి!" అని దొరగారు నిట్టూర్చారు.

"చిత్తం, నిజం సెలవిచ్చారు" అన్నారు దివాన్జీ.

బొంగు కింద అసిరయ్య ఇది విన్నాడు. ఆ పూట పల్లకీ ఎప్పటికన్నా ఏమీ తేలిక కాలేదు. కాని ఇంటికొచ్చి అరుగు మీద కూలబడి కాసులమ్మతో అన్నాడు: "అదేదో దేశంలో బోయీలకి బొంగు దింపీసినారటే. ఆలు ఇప్పుడేటి సేత్తన్నారో."

"తొంగుంటన్నారు గావాల" అంది కాసులమ్మ.

ఆ మాట అసిరయ్య మనసులో పడిపోయింది.

కోటలో బొంగు దింపుకోడానికి ఓ పద్ధతి ఉంది. దాన్ని చెంబునడక అంటారు. ఇద్దరు మోసే చిన్న డోలీలో పీట వేసి, దాని మీద అంచుదాకా నీళ్ళు పోసిన కంచు చెంబు పెడతారు. బోయీలు దాన్ని సింహద్వారం నుంచి ఏనుగుశాల దాకా మోసుకెళ్ళి తిరిగి తేవాలి. కొత్తగా భుజం పెట్టేవాడి చెంబు తొణకకూడదు. తొణికితే వాడు పనికిరాడు. భుజం పోయిందని చెప్పుకునే పాతవాడి చెంబు తొణకాలి. తొణికితేనే వాడు ముసలివాడని కోట ఒప్పుకుంటుంది. నోటిమాటని నమ్మరు, నీళ్ళని నమ్ముతారు.

అసిరయ్యకి కొడుకు లేడు. ఉన్న ఒక్కడూ చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయాడు. కూతురు బొడ్డమ్మ ఉంది, ఇల్లరికం వచ్చిన అల్లుడు సింహాచలం ఉన్నాడు. సింహాచలం సముద్రం మనిషి. తెప్ప మీద నిలబడితే వాడికి దొరలూ లేరు, దివాన్లూ లేరు. వాణ్ణి బొంగు కిందకి రమ్మని అడగడానికి అసిరయ్యకి నోరు రాలేదు. కాసులమ్మే ఓ సాయంత్రం వల ఆరేస్తున్న అల్లుడి దగ్గరికెళ్ళి అడిగింది.

సింహాచలం వల వదిలేసి నిలబడ్డాడు. "కెరటం తెప్పని మోత్తాది, తెప్ప నన్ను మోత్తాది. నాను ఇంకో మనిసిని మొయ్యడమేటత్తా?"

"నువ్వు మోసీది దొరగారిని కాదు బాబూ, మీ మావని. మీ మావ ఎముకల్లో ఇంకేటీ మిగల్నేదు. నువ్వు భుజం పెట్టకపోతే మడి పోద్ది. ఆయన దించకపోతే ఆయనే పోతాడు."

సింహాచలం కిందపడ్డ వల తీసి మళ్ళీ ఆరేశాడు. బొడ్డమ్మ గుమ్మంలో నిలబడి మొగుడి మొహమే చూస్తోంది. చివరికి వాడు, "సరే అత్తా. మావ దిగితే నాను దూరతాను. ఆయన కోసమే గాని మడి కోసం కాదు" అన్నాడు. ఆ రాత్రి కాసులమ్మ అల్లుడికి పెద్ద చేపముక్క వేసింది.

ఇక అసిరయ్య పాఠం మొదలుపెట్టాడు. ఒడ్డున, పొద్దు వాలాక, బొంగుకి రెండు వైపులా తడి ఇసక గంపలు కట్టి, ఓ గంపలో నీళ్ళ ముంత పెట్టి నడిపించేవాడు. సముద్రపువాళ్ళ నడక వేరు. ఇసకలో దిగబడకుండా వేళ్ళు నొక్కి, మోకాలు ఎత్తి, ఊగుతూ నడుస్తారు. బోయీ నడక అలా కాదు. పాదం నేలని వదలకూడదు, మోకాలు వంగే ఉండాలి, నడుము పైభాగం ఉందో లేదో తెలియకూడదు.

"ఎగరకు. నేల మీద రాసుకుంటూ రా. నీ కాలు నాగు పాకినట్టుండాల."

"నాను మనిసిని మావా."

"బొంగు కింద మనిసేటి! నీటి మీద సూపుంచకు. నీటిని భుజంతో సూడు."

ముంత ఎన్నిసార్లు ఒలికిందో! సింహాచలం భుజం తోలు లేచిపోయింది. బొడ్డమ్మ కొబ్బరినూనెలో పసుపు కలిపి రాస్తూ తండ్రిని తిట్టేది. అసిరయ్య తిట్లు పడేవాడు. కాని మర్నాడు మళ్ళీ బొంగు ఎత్తించేవాడు. అందులో ఓ కుర్రచేష్ట ఉందని నాకు అనిపిస్తుంది. అల్లుడికి ఒక్కో మెలకువా వంటబడుతుంటే ముసలాడి కళ్ళల్లో వెలుగు. తను వదిలించుకోవాలనుకుంటున్న పని మీద తనకే ఇంత మోజేమిటో అతనికీ తెలియదు. వర్షాలు వెళ్ళేసరికి సింహాచలం ముంత తొణకడం మానేసింది.

అసిరయ్య కోటకెళ్ళి భుజం పోయిందని మొరపెట్టుకుంటే చెంబునడక కార్తీకం చివర పెట్టారు. ఆ వేళ పొద్దున్నే కాసులమ్మ మొగుడి జుట్టు ముడి వేస్తూ గట్టిగా చెప్పింది. "బావా, ఇను. బొంగు కిందకెళ్ళగానే ఓ కాలు ఈడ్సు. మూలుగు. గొయ్యి ఒచ్చినకాడ కాలేసీ. ఇందులో అబద్దమేటీ నేదు. నొప్పి ఉన్నాది గదా. ఉన్నదే సూపించు."

"అలగే" అన్నాడు అసిరయ్య.

"నువ్వు ఊరికే అలగే అనకు. నా మీద ఒట్టెయ్యి."

ఒట్టేశాడు పాపం.

కోటముందు బోయీలంతా చేరారు. మేడ మీద వరండాలో దొరగారు కుర్చీ వేయించుకుని కూచున్నారు. దివాన్జీ గొడుగు కింద నిలబడ్డారు. ముందు సింహాచలాన్ని పిలిచారు. బంగారయ్య ముందు, సింహాచలం వెనక. డోలీ లేచింది. అసిరయ్య గుండె చేతుల్లో పట్టుకుని చూస్తున్నాడు. సముద్రపు కుర్రాడు నేల మీద రాసుకుంటూ, పాకుతూ, ఏనుగుశాల దాకా వెళ్ళి తిరిగొచ్చాడు. దివాన్జీ వంగి చూశారు. పీట పొడిగా ఉంది.

"బాగుందిరా. పేరేమిటి? సింహాచలమా? నిలబడు అక్కడ" అన్నారు దివాన్జీ. సగం గండం గడిచింది.

తర్వాత అసిరయ్య వంతు. అతను ముందు, బంగారయ్య వెనక. బంగారయ్యకి సంగతంతా తెలుసు. బొంగు ఎత్తేముందు, "ఒలకబొయ్యరా అసిరీ, నాను కూడా ఓ సెయ్యేత్తాను" అని గొణిగాడు. అసిరయ్య తలూపాడు.

బొంగు భుజం మీదకి వచ్చింది.

ఇక్కడే మన అసిరయ్య కొంప మునిగింది. కాయ మీద కర్ర ఆనేసరికి మోకాళ్ళు వాటంతటవే వంగాయి. పాదాలు నేలకి అతుక్కున్నాయి. నొప్పి లేకపోలేదు. ఎముకలో మేకు కొట్టినట్టే ఉంది. కాని ఆ నొప్పిని పక్కనపెట్టి నడవడం అతని ఒంటికి ఎప్పట్నించో అలవాటు. కాలు ఈడ్వాలని గుర్తొచ్చింది. ఇంకో నాలుగడుగులు పోయాక ఈడుద్దాం అనుకున్నాడు. నోరు తెరిస్తే మూలుగుకి బదులు "ఓహోం, రాయి కుడికి" అని వచ్చింది. గొయ్యి వచ్చింది. అందులో కాలు వేయాల్సినవాడు, "ఓహోం, గొయ్యి" అని పాడి తప్పించాడు. వెనక బంగారయ్య పళ్ళు కొరికాడు.

ఏనుగుశాల దగ్గర మలుపు తిరుగుతుండగా బంగారయ్య తెగించి వెనకనించి ఓ కుదుపు కుదిపాడు. దొరికిపోతే వాడి వీపు పగిలేది. అయినా స్నేహం కోసం కుదిపాడు. ఆ కుదుపు బొంగు వెంట ముందుకొచ్చింది. చెంబు అల్లాడింది. అసిరయ్య నడుం దానంతటది కిందకి దిగి, భుజం ఓ నూలుపోగంత జారి, ఆ కుదుపుని మింగేసింది. నీళ్ళు అంచు మీదకి ఉబికి వెనక్కి వెళ్ళాయి. మేడ మీదనించి దొరగారు, "ఓహో!" అన్నారు. నలుగురూ మెచ్చుకోలుగా గొణిగారు. అబద్ధమెందుకు, ఆ మాటకి అసిరయ్య లోపల ఎక్కడో తీపి తగిలింది. మిగిలిన దారంతా ఇంకా బాగా నడిచాడు.

డోలీ దించాక కాసులమ్మ మాట గుర్తొచ్చింది. అప్పటికి పీట పొడిగా ఉంది.

"ఏమిరా అసిరిగా, భుజం పోయిందన్నావు. చుక్క తొణకలేదే!" అన్నారు దివాన్జీ.

అసిరయ్య నేల మీద సాగిలబడ్డాడు. "పోనాది బాబూ. నొప్పి నిజం బాబూ. రేత్రుళ్ళు సెయ్యెత్తలేను."

"రాత్రుళ్ళు నిన్ను మొయ్యమన్నదెవడురా?"

అందరూ నవ్వారు. దొరగారు కూడా మేడ మీద నవ్వారు. ఆయన చెడ్డవాడేం కాదు. ముచ్చటపడి తన పాత శాలువా ఒకటి కిందకి పంపించారు. "ఇలాంటి నడక ఇంకెక్కడుంది! వీణ్ణెందుకు దింపడం? అల్లుణ్ణీ ఉంచండి. ఎలాగూ ఒక బోయీ జ్వరంతో పోయాడుగా" అన్నారు. దివాన్జీ "చిత్తం" అన్నారు. మడిచెక్క ఒకటే, భుజాలు రెండయ్యాయి. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడూ పూజారీ కలిసే ఇచ్చారు, ఎవరూ అడగని వరం.

ఇంటికి వచ్చేదారిలో సింహాచలం ముందు నడిచాడు. అసిరయ్య శాలువా చంకలో పెట్టుకుని వెనక నడిచాడు. గుమ్మంలో కాసులమ్మ ఇద్దరి మొహాలూ చూసి సంగతి గ్రహించింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు.

"పుట్టుకతో ఒచ్చిన బుద్ది పుడకలతో గాని పోదు" అంది. తర్వాత బొడ్డమ్మని పిలిచి, "రేపటికి రెండు ముంతల అంబలి కట్టాల" అంది.

ఆమె అన్నట్టే మర్నాడే బంట్రోతు కర్ర తాటించాడు. సోంపేట ప్రయాణం. ఉద్దానం కొబ్బరితోటల్లో దారి ఇసక దారి. అందులో నడవడం ఎద్దులకే కష్టం. ముందు బొంగుకి అసిరయ్య, వెనక బొంగుకి సింహాచలం. అసిరయ్య దారి పాడుతున్నాడు. పాడుతున్న ప్రతి మాటా అల్లుడి కాళ్ళ కోసమే పాడుతున్నట్టుంది. ఆ గొంతులో ఎప్పుడూ లేని జాగ్రత్త ఉందని మిగతా బోయీలు గమనించారు. మధ్యలో భుజం మార్చుకోడానికి ఆగినప్పుడు అసిరయ్య కుడిచెయ్యి ముంత ఎత్తలేకపోవడం సింహాచలం చూశాడు. మామ ముంత మూత తీసి, అతని నోటికందేలా పట్టుకున్నాడు. అసిరయ్య తాగాడు. సిగ్గుతో కళ్ళు పైకి ఎత్తలేకపోయాడు.

మధ్యాహ్నం ఓ తోటలో పల్లకీ దించారు. దొరగారు కొబ్బరినీళ్ళు తాగి కాస్త నడుం వాల్చారు. బోయీలు చెట్ల కింద ఎక్కడివాళ్ళక్కడ పడ్డారు. మామా అల్లుళ్ళు ఒక్క చెట్టుకే ఆనుకున్నారు. సింహాచలం భుజం మీద గుడ్డ తీస్తే నెత్తురు మరక ఉంది. తోటల అవతల సముద్రం ఉంది గాని ఇక్కణ్ణించి కనబడదు.

"మావా" అన్నాడు సింహాచలం. చెంబునడక తర్వాత వాడు మామతో మాట్లాడిన మొదటి మాట అది. "నిజం సెప్పు. నువ్వు దిగుతావనే గదా నాను ఒచ్చినాను. ఆయేల ఎందుకు ఒలకబొయ్యనేదు?"

దివాన్జీ పేరు చెప్పొచ్చు, దొర పేరు చెప్పొచ్చు, తలరాత అనొచ్చు. అవేవీ కావని అసిరయ్యకి తెలుసు.

"ఒలకబొయ్యాలనే ఎల్లినాను బాబూ, మీ అత్త మీదొట్టు. మా అయ్య నాకు ఒలక్కుండా మొయ్యడమే నేర్పినాడు. ఒలకబొయ్యడం నాకు ఎవులూ నేర్పనేదు."

సింహాచలం ఇసకలోకి చూపు దించాడు. తన పాదాలు రెండూ పక్కపక్కన, మోకాళ్ళు కాస్త వంగి ఉన్నాయి. కూచున్నా బొంగు కింద ఉన్నట్టే ఉన్నాయి.

"నాకూ నువ్వు అదే నేర్పినావు మావా" అన్నాడు.

పల్లకీలోంచి దొరగారు దగ్గారు. ఇద్దరూ లేచి తలగుడ్డలు సర్దుకున్నారు.